రోదన దశ

కుందన ఏడవలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

దసరా సెలవులయ్యాక ఓబులేసుకు బదిలీ అయింది. జలవనరుల శాఖలో సర్వేయరు ఉద్యోగం. మదనపల్లెలో సామాను లారీకెక్కించి, భార్య ప్రసూననూ, నాలుగో తరగతి చదువుతున్న కూతురు కుందననూ వెంటబెట్టుకుని, రాష్ట్రం ఆ కొసనుంచి ఈ కొసన ఉన్న గుమ్మడివలసకు వచ్చిపడ్డాడు. మూటలింకా విప్పకముందే ప్రసూన కూతురికి రెండు జడలు బిగించి, పాత బడివాళ్లిచ్చిన టీసీ పట్టుకుని ఊళ్లోని సర్కారు బడికి బయల్దేరింది. ఆమె డిగ్రీ చదివింది. ఏ పనైనా పద్ధతిగా జరగాలనే మనిషి. పోపులపెట్టెలో ఆవాల గిన్నెలో జీలకర్ర కనబడితే ఆ పూటంతా ఆమెకు మనసు కుదురుగా ఉండదు.

హెడ్మాస్టరు అప్పలనరసింహం టీసీని ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. ముద్ర ఉంది, సంతకం ఉంది, సంతకం కింద తేదీ ఉంది. "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా" అని మెచ్చుకుని, "పాపేదీ?" అని కిటికీలోంచి చూశాడు.

పాప ఆవరణలో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. ఒక జడ రిబ్బను ఊడిపోయిన పిల్లెవరో గళ్లు గీస్తుంటే, కుందన ఒంటికాలి మీద గెంతుతూ పగలబడి నవ్వుతోంది.

హెడ్మాస్టరు మొహం పాలిపోయింది.

"నవ్వుతున్నాదమ్మా!" అన్నాడు, పాపకు నూటనాలుగు జ్వరం ఉందన్నట్టు.

"అవునండి. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది" అంది ప్రసూన కాస్త గర్వంగా.

"కలిసిపోతే ఎలాగమ్మా? ఇంకా ఏడవందే!"

ఆయన కుర్చీలోంచి లేచి గోడకున్న రంగుల చార్టు చూపించాడు. కొత్త ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు కొత్త బడిలో ఇమడలేక లోలోపల కుమిలిపోతున్నారని, పై అధికారులెవరో ఒక సదస్సులో విన్నారు. భోజనాలయ్యాక పెట్టిన ఉపన్యాసం కావడంతో సగమే విన్నారు. ఆ సగంతోనే పథకం తయారైంది. పేరు నవాగత బాలల సమగ్ర సర్దుబాటు పథకం. దానికొక ఫోన్ యాప్ కూడా ఉంది. పేరు 'ఒదుగు'.

చార్టు మీద నాలుగు మెట్లు, మెట్టుకొక పిల్లబొమ్మ ఉన్నాయి. మొదటిది రోదన దశ. రెండోది మౌన దశ. మూడోది ఓరచూపు దశ. నాలుగోది చిరునవ్వు దశ. ప్రతి దశలోనూ బిడ్డ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఒకటి ఎక్కితేగానీ తర్వాతిది తెరుచుకోదు.

"మా పాప అప్పుడే నవ్వుతోంది కదండీ. నాలుగో దశకు వచ్చేసినట్టే కదా?"

"ఒకటో తరగతి చదవకుండా నాలుగో తరగతికి వచ్చీగలరేటమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు జాలిగా. సొరుగులోంచి ఉత్తర్వు తీసి చదివి వినిపించాడు. "నూతన పాఠశాలలో ప్రవేశించిన బాల లేక బాలిక ప్రథమమున రోదించును. రోదించనిచో దుఃఖము లోపల నిలువయున్నదని భావించి, దానిని వెలికిదీయు బాధ్యత ప్రధానోపాధ్యాయులు వహింపవలెను."

రోదన ఎక్కేదాకా పాప తరగతిలో కూర్చోకూడదు. పుస్తకాలివ్వకూడదు. నెలాఖరుకు యాప్‌లో పేర్లు మూసేస్తారు. ఈలోగా ఎక్కకపోతే ఈ ఏడాదికి పాప పేరు ఏ బడిలోనూ ఉండదు.

"అంటే ఒక ఏడాది చదువు పోతుందా?" ప్రసూన గొంతు తగ్గింది.

"పోదమ్మా. ఏడిస్తే పోదు" అని ధైర్యం చెప్పాడాయన.

అలా కుందన సర్దుబాటు గదికి చేరింది. మొన్నటిదాకా అది మధ్యాహ్న భోజనం గుడ్లు నిలవచేసే గది. గుడ్ల అట్టలు ఒక మూలకు జరిపి, చాప పరిచి, గోడకు ఏడుస్తున్న ఏనుగుపిల్ల బొమ్మ అతికించారు. మెత్తటి చేతిరుమాళ్ల పెట్టె ఒకటి ప్రభుత్వమే పంపింది. కుందన ఏనుగుపిల్లను చూసి మళ్లీ నవ్వింది.

ఇంటికొచ్చి చెబితే ఓబులేసు అన్నం కలపడం ఆపేశాడు.

"పిల్లోల్లను ఏడిపించేకి గూడా ఒక స్కీము పెట్టినారా? మా కాలంలో అయివార్లు ఉత్తపుణ్యానికి ఏడిపించేవోల్లు."

"నవ్వులాట కాదు. నెలాఖరు దగ్గర్లోనే ఉంది" అంది ప్రసూన. కూతురిని దగ్గరకు తీసుకుంది. "కుందా, మన పాత బడి గుర్తుకొస్తాందా? మీ రెడ్డెమ్మ టీచరు?"

"ఆ టీచరు గిల్లేది మా. పీడ పోయింది."

"మరి మన ఇల్లు? మన జామచెట్టు?"

"ఈడ పైడోల్లింట్లో రెండు జామచెట్లుండాయి." తొక్కుడుబిళ్ల గళ్లు గీసిన పిల్ల పేరు పైడి. "మా, నేను యాడిస్తే పైడి పక్కన కూర్చోనిస్తారంట. యాడవాలని చానా చూస్తాండా మా. రాలేదు."

ఓబులేసు తలొంచుకుని అన్నం ముద్దలోకి నవ్వుకున్నాడు. ప్రసూనకు నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి బడి బడంతా ఆ పనిమీద పడింది. నాలుగో తరగతి టీచరు గౌరీశ్వరి మంచి మనిషి. పిల్లల మీద చెయ్యెత్తి ఎరగదు. అందుకని కుందనను తీసుకెళ్లి వంటశాలలో ఉల్లిపాయలు తరుగుతున్నచోట కూర్చోబెట్టింది. నీళ్లు ధారకట్టాయి. పొంగిపోయిన హెడ్మాస్టరు ఫొటో తీసి ఎక్కించాడు. యాప్ కాసేపు గిరగిరా తిరిగి జవాబిచ్చింది: 'కన్నీరు ఉంది. దుఃఖం లేదు.'

"చూసీసింది! పళ్లు కనబడిపోయేయి" అంది గౌరీశ్వరి నొచ్చుకుంటూ.

తర్వాత ఆమె ఒక అనాథ కుక్కపిల్ల కథ చెప్పింది. తల్లి పోయిన కుక్కపిల్ల వానలో తడుస్తూ ఇల్లిల్లూ తిరుగుతుంది, ఎవరూ తలుపు తియ్యరు. గుమ్మంలో నిలబడి వింటున్న వంటమనిషి ఏడ్చింది. చెబుతూ చెబుతూ గౌరీశ్వరి ఏడ్చింది. తనిఖీకి వచ్చిన హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కుందన మాత్రం, "దాన్ని మా ఇంటికి తీసుకపోతా టీచర్, యాడుంది?" అని లేచి నిలబడింది.

పైడి స్నేహితురాలి కోసం నడుం కట్టింది. "నేనేడుస్తానండి, నాకు బాగా వచ్చు" అని, ఎవరూ అడక్కుండానే గొంతెత్తి అందుకుంది. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి తొంగిచూశారు. ఎంత లక్షణంగా ఏడ్చినా ఏం లాభం? పైడి పుట్టి పెరిగింది గుమ్మడివలసలోనే. సర్దుబాటుకు అర్హురాలు కాదు.

కబురు జిల్లాకు వెళ్లింది. జిల్లా సర్దుబాటు సమన్వయకర్త త్రివిక్రమరావు జీపులో దిగాడు. ఆయన చంకలో పలక లాంటి ట్యాబు, మెడలో గుర్తింపు కార్డు, మొహంలో గంభీరమైన కరుణ. జిల్లాలో కొత్తగా చేరిన పిల్లలంతా ఏడ్చేశారు. నూటికి నూరు శాతం అని రాసుకోవడానికి ఈ ఒక్క పిల్లే అడ్డు.

"రోదన బాలల హక్కు" అన్నాడాయన, గుడ్ల గదిలో కుర్చీ వేయించుకుని. "ఆ హక్కును ఈ బాలిక వినియోగించుకోకుండా ఎవరు అడ్డుపడుతున్నారన్నది మనముందున్న ప్రశ్న." ప్రసూన వైపు తిరిగాడు. "అమ్మా, ఇక్కడికి వచ్చే ముందు ఈ ఊరి గురించి పాపకు ఏమైనా చెప్పారా?"

"చెప్పానండి. కొత్త ఊరు బాగుంటుంది, కొత్త స్నేహితులు దొరుకుతారు, భయపడొద్దని."

త్రివిక్రమరావు హెడ్మాస్టరును అర్థవంతంగా చూశాడు. "ముందస్తు ఓదార్పు! దుఃఖం మొలకెత్తకముందే తుంచివేయబడింది."

"తప్పాండీ అది?"

"తప్పని ఉత్తర్వులో లేదు. రాబోయే ఉత్తర్వులో ఉంటుంది."

ఇంకొక ఉపాయం కూడా చెప్పాడాయన. ప్రసూన సంచి సర్దుకుని, 'నేను మన ఊరికి పోతున్నాను, నువ్విక్కడే ఉండు' అని పాపతో చెప్పి గేటు దాటాలి. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది.

"అబద్ధం చెప్పి బిడ్డను ఏడిపించడం నావల్ల కాదండి" అంది ప్రసూన. మెల్లిగానే అంది. కానీ ఆ మాట ఇంకోసారి అడగడానికి వీలులేకుండా అంది.

"అమ్మా, మరి నెలాఖరు రేపే. యాప్‌లో ఎక్కనిది జరగనట్టే. ఇది పథకం మూలసూత్రం" అన్నాడు త్రివిక్రమరావు. ఇక లాభం లేదని ట్యాబు తెరిచి, తల్లికి వేయాల్సిన ప్రశ్నలు గబగబా చదవసాగాడు. పాప నిద్రలో కలవరిస్తుందా? లేదండి. అన్నం మానేసిందా? రెండోసారి వడ్డించమంటోందండి. గోళ్లు కొరుకుతుందా? లేదండి.

"చివరి ప్రశ్న. దీనికి జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. కొత్త ఊరు మీకెలా ఉంది?"

ఆయన తలెత్తకుండానే అడిగాడు.

వచ్చిన దగ్గరనుంచీ ఆ మాట ఎవరూ అడగలేదు. ఫోన్లో తల్లి అడిగింది, మనవరాలు ఇమిడిందా అని. ఓబులేసు అడిగేది, బిడ్డ యాడ్చిందా అని. పక్కింటావిడ అడిగింది, అద్దె ఎంతకిచ్చారని. కూరల కొట్టులో ప్రసూన 'ఎర్రగడ్డలు ఎట్లిస్తావు' అంటే కొట్టతను అర్థంకాక నవ్వాడు, పక్కనున్నవాళ్లూ నవ్వారు. అప్పట్నుంచీ ఆమె ఉల్లిపాయల్ని వేలితో చూపించి కొంటోంది. సాయంత్రమయ్యాక కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఒక్క అరుగు లేదు. పోపులపెట్టె కూడా ఇంకా ఏ మూటలో ఉందో తెలియదు.

'బాగానే ఉందండి' అని చెప్పబోయింది. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు. ఏడుపొచ్చింది. ఆగలేదు. కొంగు అడ్డుపెట్టుకున్నా ఆగలేదు. కుందన బిత్తరపోయి పరుగెత్తుకొచ్చి, సర్కారువారి చేతిరుమాలు ఒకటి లాగి తల్లి మొహం తుడవసాగింది.

కుందన మొహం ఎలా మారుతుందోనని వారం నుంచీ ఫోను ఎత్తిపట్టుకునే ఉన్న అప్పలనరసింహం చెయ్యి, అలవాటు కొద్దీ నొక్కేసింది.

యాప్ తిరిగింది. 'ముఖం సరిపోలింది. దుఃఖం సరిపోయింది. రోదన దశ సంపూర్ణం. విద్యార్థికి అభినందనలు.'



"అది నా ఫొటో కదండీ" అంది ప్రసూన ముక్కు తుడుచుకుంటూ. పద్ధతి పద్ధతే.

"అచ్చుగుద్దినట్టు మీ పోలికే కదమ్మా. దాని తప్పేటుంది?" అన్నాడు హెడ్మాస్టరు.

"దిద్దడానికి వీల్లేదా?"

"ఎందుకు లేదు? దిద్దుబాటు మీట ఉంది" అన్నాడు త్రివిక్రమరావు. "అది పనిచేయడం ఇంకా మొదలుపెట్టలేదు. అందాకా విద్యార్థిని ముఖంగా ఈ ముఖమే కొనసాగాలి. మిగతా దశలు కూడా ఈ ముఖంతోనే, తరగతి గదిలోనే పూర్తికావాలి. కాకపోతే ప్రవేశం రద్దు."

ప్రసూన ఏదో అనబోయి కూతురి కోసం చూసింది. కుందన అక్కడ లేదు. నాలుగో తరగతిలో, పైడి పక్కన, బెంచీ మీద ఉంది. సంచి అప్పుడే సొరుగులో పెట్టేసింది. ప్రసూన అనబోయిన మాట మింగేసింది.

మర్నాడు భర్తకు క్యారేజీ కట్టి, తను కూడా ఒక డబ్బా కట్టుకుని ఆమె బడికి వెళ్లింది. చివరి బెంచీ. మోకాళ్లు పట్టలేదు. పక్కకు పెట్టి కూర్చుంది.

మౌన దశ పెద్ద కష్టం కాలేదు. ఆ ఊళ్లో ఆమె పాటిస్తున్నది అదే. ఒకసారి గౌరీశ్వరి పాఠం మధ్యలో ఊపులో ఉండి, "చివర బెంచీ! పన్నెండో ఎక్కం చెప్పు!" అంది. ప్రసూన లేచి నిలబడి, పెదాల మీద వేలు పెట్టి గోడమీది చార్టు చూపించింది. "ఓ, మౌనమా? కూర్చోండి, కూర్చోండి" అంది టీచరు నాలిక కరుచుకుని. ముందు బెంచీలోంచి పైడి చెయ్యి వచ్చి ప్రసూన అరచేతిలో ఉప్పూకారం అద్దిన చింతకాయ ముక్క పెట్టింది. పాఠం జరుగుతుండగా తినకూడదు. ప్రసూన తింది.

ఓరచూపు దశకే కాస్త తంటా అయింది. "తలొంచి, కళ్లు మాత్రం పైకెత్తాలండి. అలాగ కాదు, ఇలాగ" అని గౌరీశ్వరి చేసి చూపించింది.

"పెళ్లిచూపుల్లో కూడా ఇట్లా చూడలేదండి నేను."

"నేను చూసేనండి. అందుకే ఈయన దొరికేడు" అంది గౌరీశ్వరి. ఇద్దరూ ఫొటో చెడిపోయేంతగా నవ్వుకున్నారు. అయిదోసారికి ఎక్కింది.

ఆ సాయంత్రం గౌరీశ్వరి ఆమెను కూరల కొట్టుకు వెంటబెట్టుకెళ్లింది. "ఎవరండి ఈవిడ?" అన్నాడు కొట్టతను. "మా నాలుగో తరగతి" అంది టీచరు. "ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలే. ఇంకెప్పుడూ నవ్వకు." కొట్టతను బెంచీ ఎక్కినవాడిలా నిలబడి, ఒక కట్ట కరివేపాకు ఊరికే ఇచ్చాడు.

చిరునవ్వు దశకు సభే పెట్టారు. జిల్లాలో ఇదే చివరి చిరునవ్వు. నాలుగో తరగతి గోడకు కాగితం తోరణాలు కట్టారు. త్రివిక్రమరావు మైకు అందుకున్నాడు.

"చిరునవ్వు అనేది పూర్తిగా స్వచ్ఛందం. దానిని ఎవరూ నిర్బంధించరాదు. హృదయపు లోతులనుంచి, సహజంగా, తనంత తానుగా, ఈ సాయంత్రం అయిదు గంటల లోపల రావలెను."

ప్రసూన పెదాలు బిగబట్టింది. చివర బెంచీలోంచి ఆమె, బల్ల దగ్గరనుంచి గౌరీశ్వరి ఒకరినొకరు చూసుకున్నారు. అంతే. ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. చిరునవ్వు కాదు. కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. ముందు పిల్లలు అందుకున్నారు, తర్వాత బడి అందుకుంది. నవ్వీ నవ్వీ ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పలనరసింహం ఫోను పరీక్షకని పైకెత్తి, అదే అలవాటుతో నొక్కేశాడు.

'కన్నీరు గుర్తించబడింది. విద్యార్థిని మొదటి దశకు పంపాలి.' కింద రెండు మీటలు: 'సరే', 'తర్వాత'.

హెడ్మాస్టరు పైకి చదవకుండా ఉండవలసింది. చదివేశాడు.

"యాప్ పొరబడదు" అన్నాడు త్రివిక్రమరావు విచారంగా. "దుఃఖం తిరగబెట్టింది. సరే నొక్కండి. పాపను సర్దుబాటు గదికి పంపించండి."

కుందన బెంచీని రెండు చేతులా పట్టుకుంది. పైడి కుందనను పట్టుకుంది. "నేను పోను" అంది కుందన. పెదవి వణికింది. మొహమంతా ముడుచుకుపోయింది. ఇంతకాలం ఉల్లిపాయలకూ, కుక్కపిల్లకూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నిజమైన ఏడుపు. గొంతు పగిలే ఏడుపు. ప్రసూన ఎప్పుడు లేచిందో ఎప్పుడు వచ్చిందో, పిల్లను గుండెకు హత్తుకుంది.

"ఏడుస్తోంది!" త్రివిక్రమరావు కుర్చీలోంచి లేచిపోయాడు. "హెడ్మాస్టరుగారూ, బాలిక ఏడుస్తోంది! అసలు ముఖం! తియ్యండి, తియ్యండి!"

అప్పలనరసింహం ఫోను ఎత్తాడు. తెరలో కుందన కనబడింది. తెర మీదుగా కూడా కనబడింది. ఆయన కాసేపు అలాగే చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"సిగ్నల్ లేదండి."

"నాలుగు గీతలూ కనిపిస్తున్నాయి కదయ్యా!"

"కనిపిస్తాయి సార్. ఉండదు."

"మరి ఇందాకటి కన్నీళ్లు?"

"అవీ ఎక్కలేదు సార్" అన్నాడు అప్పలనరసింహం వినయంగా. "ఎక్కనిది జరగనట్టే కదండి. మీరే సెలవిచ్చేరు."

త్రివిక్రమరావు నోరు తెరిచి, మూలసూత్రం తనదే కావడంతో మూసుకున్నాడు. ప్రసూన కూతురి తలమీదుగా హెడ్మాస్టరును చూసింది. పెదవి చివర కొంచెం కదిలింది. గౌరీశ్వరి ఎప్పుడు ఆయన జేబులోంచి ఫోను లాగి 'తర్వాత' నొక్కిందో, ఎప్పుడు ప్రసూన ఫొటో తీసిందో ఎవరూ చూడలేదు. ఫోను మాత్రం టింగుమంది.

'చిరునవ్వు దశ సంపూర్ణం.' సిగ్నల్ వచ్చేసింది.

జిల్లాకు నూరు శాతం వచ్చింది. త్రివిక్రమరావుకు శాలువా వచ్చింది. కుందన పేరుతో, ప్రసూన ఫొటోతో ఒక ధ్రువపత్రం వచ్చింది. ఓబులేసు దాన్ని హాల్లో మేకుకు తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించసాగాడు. "మా ఇంటామె ఈ ఊరికి సర్దుకున్నట్టు గవర్మెంటే రాసిచ్చింది. నాకింకా రాల్యా."

సంక్రాంతి సెలవుల తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. పై అధికారులు ఇంకో సదస్సుకు వెళ్లి ఈసారి మిగతా సగం విన్నారట. దాని ప్రకారం రోదన అనారోగ్య లక్షణము. నూతన పాఠశాలలో ప్రవేశించిన బాల లేక బాలిక ప్రథమమున నవ్వవలెను. చార్టును తలకిందులుగా తగిలించుకోమన్నారు.

ఆ వారంలోనే నెల్లూరు నుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ల పిల్ల గేటు దగ్గర్నుంచే ఆకాశం అందుకునేలా ఏడుస్తోంది. బడి బడంతా గుడ్ల గదిలోకి పరుగెత్తింది. గౌరీశ్వరి కోతిలా గెంతింది. అప్పలనరసింహం తలపాగా చుట్టుకుని తప్పెట వాయించాడు. పైడీ, కుందనా చక్కిలిగిలి పెట్టడానికి నియమితులయ్యారు.

కుందనకు డబ్బా ఇవ్వడానికి వచ్చిన ప్రసూన గేటు దగ్గర ఆగింది. గోడవార ఒకామె, చేతిలో టీసీతో, ఎవరికీ అడ్డం కాకుండా నిలబడి ఉంది. ప్రసూన ఆమె దగ్గరకు వెళ్లింది.

"ఏటమ్మా, ఊరెలాగుంది?" అంది.

ఆమె, "బాగానే ఉంద..." అని ఆగిపోయింది. గడ్డం వణికింది. చటుక్కున కొంగు కోసం వెతుక్కుంది.

ప్రసూన ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఆమెకు అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడే ఏడ్చుకోండి" అంది. "ఫోన్లన్నీ లోపలున్నాయి."